బంపర్‌కీ మోకాలికీ మధ్య

అయిదు జానలు, మహా అయితే ఆరు, బంపర్‌కీ తన మోకాలికీ మధ్య ఉన్నది అంతే, అందులోనే ఇంజనూ బ్యాటరీ రేడియేటరూ అన్నీ సర్దుకుని కూర్చోవాలి, ఇంక నలగడానికి చోటేదీ, కారు ముందుభాగం నలగాలి, అది నలిగితేనే లోపలి మనిషి నలగకుండా ఉంటాడు, ఈ మాట ఊరందరికీ చెప్పిన మనిషి తను, ఇరవై ఆరేళ్ళుగా బీమా కంపెనీ తరఫున గుద్దుకున్న కార్లు చూసి నష్టం రాసే సర్వేయరు, చివరికి సొంత కూతురు కొనుక్కున్న ఈ బుల్లి కారులో, ఒళ్ళో మడత వాకర్ పెట్టుకుని, లేని బ్రేకుని కాలితో తొక్కుతూ కూర్చున్నాడు, నాన్నా, ఊరికే ఎందుకలా తొక్కుతావు, కాలు నొప్పెడుతుంది అంది కూతురు రోడ్డు మీంచి కళ్ళు తిప్పకుండా, తొక్కడం లేదమ్మా, కాస్త కాలు చాపుకుంటున్నా అన్నాడు, చాపుకోవడానికి చోటెక్కడ ఏడ్చింది ఇందులో.

పెద్ద రోడ్డెక్కడం కూతురికి ఇదే మొదటిసారి, ఒక్కదాన్నే ఎలా పంపుతారండీ, పక్కన కూర్చోండి అని భార్య నిన్నటినుంచి ఒకటే పోరు, ఆవిడ పోరకపోయినా వచ్చేవాడే, కాళ్ళు పడిపోయినవాళ్ళకీ తుంటి విరిగినవాళ్ళకీ ఇళ్ళకెళ్ళి మళ్ళీ నడక నేర్పే పని దీనిది, రోజుకి ఏడిళ్ళు, అన్నీ ఇరుకు సందులే, ఇన్నాళ్ళూ బస్సుల్లో ఈ వాకర్ మోసుకుంటూ తిరిగింది, ఇప్పుడు కారు కొన్నా వాకర్ డిక్కీలో పట్టదు, పేషెంట్ల కసరత్తుకి రెండు పెద్ద రబ్బరు బంతులు పెట్టేసరికి డిక్కీ నిండింది, ఇది కారు కాదే, ఎవరో కారు కొనుక్కుంటే దాంతోపాటు ఊరికే ఇచ్చినట్టుంది అన్నాడు తను మొదటిరోజు, షెడ్డులో మేస్త్రీ అయితే, దీనికి దెబ్బ తగిలితే రిపేరుండదు సార్, మడిచి జేబులో పెట్టుకోవడమే అని పగలబడి నవ్వాడు, తనూ నవ్వాడు, ఇంటికొచ్చాక అన్నం సయించలేదు, పోనీ నా పెద్ద కారు తీసుకెళ్ళవే అంటే, నేను వెళ్ళే సందుల్లో అది దూరుతుందా నాన్నా, దూరినా మళ్ళీ వెనక్కి వస్తుందా, ఎక్కడ పెట్టను దాన్ని, పేషెంటు మంచం పక్కనా అంది, పైగా పాటల పెట్టె వద్దని చెప్పి ఆ డబ్బుతో ఆరు ఎయిర్‌బ్యాగులున్నది అడిగి మరీ తీసుకున్నాను, నువ్వు నేర్పిందే కదా అంది, ఆరేం చేస్తాయమ్మా లారీ ముందు, ఆ మాట మాత్రం పైకి అనలేదు, మింగేశాడు.

ఇదిగో వంతెన, ఇక్కడే రోడ్డు సన్నబడుతుంది, తన పక్కన బస్సు, దాని చక్రం తన భుజమంత ఎత్తున గిర్రున తిరుగుతోంది, కూతురి పక్కన రోడ్డు మధ్య సిమెంటు గోడ, ముందు ఇనప చువ్వల లారీ, చువ్వలు బారెడు బయటికి వేలాడుతున్నాయి, చివర కట్టిన ఎర్రగుడ్డ గాలికి కొట్టుకుంటోంది, పోయిన నెల చూసిన తెల్లకారుకి ముందున్నదీ ఇలాంటి లారీయే, అదీ ఇంతే కారు, టేపు పెట్టి కొలిస్తే పొడవులో మూడోవంతు లేదు, డ్యాష్‌బోర్డు మీద అంటించిన చీటీ మాత్రం చెక్కుచెదరలేదు, పాలు, సబ్బు, తమ్ముడికి ఫోన్, ఆడమనిషి రాత, గుండ్రంగా, ఆ చీటీ సంగతి రాయడానికి రిపోర్టులో గడి లేదు, ఇంట్లోనూ ఎవరికీ చెప్పలేదు, దూరం పెట్టమ్మా దూరం, పెట్టాను నాన్నా, ఇంకాస్త, ఇంకాస్త పెడితే మధ్యలో ఇంకోడు దూరతాడు, నన్ను మాట్లాడించకు నాన్నా, లారీ వెనక ఎర్రలైట్లు వెలిగాయి, చువ్వలు దగ్గరకొస్తున్నాయి, పాలు, సబ్బు, ఆపు, ఆపవే అని అరుస్తుండగానే చెయ్యి దానంతట అదే వెళ్ళి స్టీరింగు మీద పడింది, పట్టుకుని లాగింది, కారు ఒక్క ఊపున బస్సు మీదికి తిరిగింది, హారన్ మోతకి ఛాతీ అదిరింది, కిటికీ నిండా బస్సు రేకు, వదులు నాన్నా, వదులు, కూతురు మోచేత్తో ఆయన చేతిని తోసేసి స్టీరింగు మళ్ళీ గోడవైపు తిప్పింది, బస్సు బెత్తెడు దూరంలోంచి రొద చేసుకుంటూ వెళ్ళిపోయింది.

వంతెన దిగి బస్టాపు దాటాక కారు పక్కకి ఆపింది, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది, నేనప్పటికే బ్రేకు మీదున్నాను నాన్నా, లారీకీ మనకీ మధ్య ఇంకో రెండు కార్లు పట్టేంత చోటుంది, నువ్వు చూశావా అంది, ఆయన చూడలేదు, ఆయన చూసింది తెల్లకారుని, ప్రమాదానికి కారణం అని ఒక గడి ఉంటుంది తన రిపోర్టులో, ఎన్ని వేలసార్లు నింపాడో, ఇప్పుడు నింపమంటే డ్రైవరు తప్పు లేదు, బండిలో లోపం లేదు, బ్రేకులు బాగా పట్టాయి, పక్కసీట్లో మనిషి స్టీరింగు లాగాడు, వయసు యాభై ఎనిమిది, వృత్తి, అది రాయాలంటే తల కొట్టేసినట్టుంది, నేనిక్కడ దిగిపోతానమ్మా అన్నాడు, కోపమొచ్చిందా నాన్నా, లేదే పిచ్చిదానా, నేనుంటే నీకు భయంగా ఉంది, నాకు రోడ్డంటే భయం లేదు నాన్నా, నువ్వలా బిగుసుకుపోతే నాకు చేతులాడట్లేదు, అంతే, అంది, ఆయన దిగి, వాకర్‌ని సీట్లో ఆనించి దానికి బెల్టు పెట్టాడు, దానికెందుకు నాన్నా బెల్టు, బ్రేకేస్తే ఎగిరొచ్చి నీకు తగలకుండా, ఈసారి ఇద్దరికీ కొంచెం నవ్వొచ్చింది, కూతురు అద్దం చూసుకుంది, వెనక్కి తిరిగి చూసింది, లారీని పోనిచ్చింది, ఇంకో లారీని పోనిచ్చింది, వెళ్ళింది.

వెనక్కి బస్టాపుకి నడిచాడు, బస్సు వచ్చింది, ఎక్కలేదు, ఇంకోటి వచ్చింది, కండక్టరు ఏం పెద్దాయనా వస్తావా రావా అన్నాడు, చెయ్యి ఊపేశాడు, ఇప్పుడు కూతురు కూడలి దగ్గరుంటుంది, అక్కడ ఇసక లారీలు సిగ్నలు చూడవు, చెప్పాల్సింది, ఇప్పుడు రైలుగేటు దిగుతుంటుంది, అక్కడ గుంత ఉంది, చెప్పాల్సింది, ఫోన్ చేస్తే, వద్దు, నడుపుతూ ఎత్తుతుందేమో, ముప్పావుగంటైంది, చొక్కా వీపుకి అతుక్కుపోయింది, జేబులో ఫోన్ మోగింది, ఎత్తడానికి రెండుసార్లు వేలు జారింది, నాన్నా, వచ్చేశాను, రెండు స్కూటర్ల మధ్య ఇంత చోటుంటే పెట్టేశాను, నువ్విల్లు చేరావా, ఆఁ, చేరుతున్నానమ్మా అని పక్కనున్న బల్లమీద కూలబడ్డాడు, లోపల పేషెంటు పిలుస్తున్నట్టుంది, ఉంటా నాన్నా అని పెట్టేసింది, ఫోన్ ఇంకా చెవికే ఆనించుకున్నాడు, ఇరవై ఆరేళ్ళు, రోజుకి నాలుగు ఫోన్లు, అన్నీ కార్ల గురించే, క్షేమంగా చేరిన కారు గురించి తనకి ఎవరైనా ఫోన్ చేయడం ఇదే మొదటిసారి.