ఒంటరిగా చదవకూడని పుస్తకం

కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసే ఆమెను తోటి పనివాళ్ళు పారాయణమ్మ అని పిలిచేవారు. వెక్కిరింపుగా మొదలైన పేరు, పిలవగా పిలవగా ముద్దుపేరైంది. ఆమెకు యాభై రెండేళ్ళు. పెళ్ళి కాలేదు. జీతంలో తిండికీ అద్దెకూ పోను మిగిలిందంతా పాత పుస్తకాలకే. అవీ మామూలువి కావు. నాలుగు మతాల గ్రంథాలు అక్షరం వదలకుండా చదివేశాక, ఎవరూ ముట్టనివాటి మీద పడింది: ప్రళయం ఫలానా మంగళవారం వస్తుందని లెక్క కట్టినవాడి పుస్తకం, తేనెటీగలకూ మోక్షం ఉందని వాదించిన ఒక సన్యాసిని పుస్తకం.

"ఈ వారం ఏ దేవుడి వంతు?" అని దుకాణంలో అడిగితే, "ఈ వారం దేవుడికి సెలవు" అనేది. అంతకుమించి వాళ్ళు అడిగేవారు కాదు, ఆమె చెప్పేదీ కాదు.

వాటిల్లో ఒకటి ఆమెను పట్టుకుని వదల్లేదు. చదువురాని పడవవాడొకడు చెబుతుంటే ఎవరో రాసిపెట్టిన చిన్న పుస్తకం. మొదటి పేజీలోనే ఒక కట్టడి ఉంది: దీన్ని ఒంటరిగా చదవకూడదు, ఒకరు చదవాలి, ఒకరు వినాలి. పదకొండేళ్ళుగా ఆమె దాన్ని మీరుతూనే ఉంది.

ఒకసారి అన్నయ్య ఇంటికి తీసుకెళ్ళి వదినను వినమంది. "చదువమ్మాయ్, ఓ చెవి ఇటు పడేస్తాలే" అంది వదిన. రెండో పేజీకే ఆ చెవి ఫోన్లో పడింది. "ఇన్ని మతాలు చదివావు, ఒక్క మొగుణ్ణి చదవలేకపోయావు" అన్నాడు అన్నయ్య. వాళ్ళతోపాటు తనూ నవ్వింది. తిరుగు బస్సులో మాత్రం పుస్తకాన్ని సంచిలోంచి తీయలేదు.

వెనక అట్ట మీద, ఆ పడవవాడి మాటల్ని నమ్మేవాళ్ళు పెట్టుకున్న సమాజం చిరునామా ముద్ర ఉంది. ఎప్పుడో మూసేసి ఉంటారని అనుకునేది. ఆ మరుసటి ఆదివారం ఉండబట్టలేక వెళ్ళింది. రెండో అంతస్తులో తలుపు తీసినాయన బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన పెద్దాయన. సమాజంలో మిగిలింది ఆయనొక్కడే. ఆమె చేతిలో పుస్తకం చూసి తలుపు బార్లా తెరిచాడు.

"ఎవరు చదువుతారు, నువ్వా, నేనా?" అన్నాడు.

"మీరే చదవండి బాబాయిగారూ. నేను వినడం నేర్చుకోవాలి."

అలా నాలుగు ఆదివారాలు గడిచాయి. ఆయనది బొంగురు గొంతు. మలుపులో బస్సును నెమ్మది చేసినట్టు మాటల్ని నెమ్మది చేసేవాడు. తను గబగబా దాటేసిన వాక్యాల దగ్గర ఆయన ఆగుతుంటే ఆమెకు ఒళ్ళు ఝల్లుమనేది. అధ్యాయం అయ్యాక వాదన.

"పడవవాడికి ఈత రాదంటావా?"

"రాదనే నా అనుమానం. వస్తే నీళ్ళ గురించి అంత భయంగా మాట్లాడడు."

ఆయన పకపకా నవ్వేవాడు. సోమవారం ఆమె కూనిరాగం తీస్తూ అద్దాలు తుడుస్తుంటే దుకాణం యజమాని పని ఆపి మరీ చూశాడు.

ఐదో ఆదివారం ఆయన పుస్తకం తెరవలేదు.

"మాలో చేరతావా అమ్మాయ్? పెద్ద తంతేం లేదు. నమ్ముతున్నాను అను, చాలు."

"ఈ పుస్తకమంటే నాకు ప్రాణం బాబాయిగారూ."

"నేనడిగింది అది కాదు."

ఆమె పుస్తకం వైపు చూసింది. ఒక్క మాట. అంటే పోయేదేముంది, ఆదివారాలు మిగులుతాయి. కానీ ఇద్దరి మధ్యా బల్ల మీద ఆ పుస్తకం ఉంది.

"నేను అన్నీ చదువుతాను. నమ్మడమే నాకు చేతకాలేదు. ప్రయత్నించాను."

ఆయన కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండునని ఆమెకు అనిపించింది. ఆయన పుస్తకం మీద అరచెయ్యి ఆనించి, "అలాగైతే ఇక నీకు చదివి వినిపించకూడదు తల్లీ. నమ్మనివాళ్ళకు నాలుగు వారాలే అని మా సమాజం కట్టడి. ఈ వయసులో దాన్ని తప్పలేను" అన్నాడు. మెట్ల దాకా వచ్చి, "కింద మెట్టు విరిగింది, చూసుకుని దిగు" అన్నాడు.

అబద్ధం ఆడనందుకు ఆమెకు విచారం లేదు. ఆదివారాలు పోయినందుకు మాత్రం చాలాకాలం కుమిలింది. అన్నయ్యకు చెప్పలేదు. చెబితే జోకైపోతుంది.

కొన్ని నెలలకు పాత పుస్తకాల కొట్టులో మరొకటి దొరికింది. దీపస్తంభం కావలివాడొకడు, సముద్రంలోంచి తనకు వినబడిన ప్రార్థనలని రాసుకున్న పుస్తకం. ఆదివారం మధ్యాహ్నం కిటికీ పక్కన కూర్చుని నలభై పేజీలు చదివింది. ఒకచోట నవ్వు ఆగలేదు. పెద్దాయనైతే ఇక్కడ ఏమనేవాడో అని తల ఎత్తింది. ఎదుటి కుర్చీ మీద ఆరిన బట్టలు కుప్పగా ఉన్నాయి. లేచి వాటిని మడతపెట్టి అలమరలో సర్ది వచ్చి, మళ్ళీ పుస్తకం తీసుకుంది.