ఎర్ర మూతల సీసాలు

మా ఆయనతో వేగలేకపోతున్నాను. వామన్‌రావు గారు నాంపల్లిలో ఒక స్కూల్లో పీటీ సారు. పిల్లలకు వడదెబ్బ తగలకూడదని, ఎండలు ముదిరినప్పటి నుంచి ఆటలో పావుగంటకోసారి ఈల వేసి నీళ్ళు తాగమంటున్నారు. ఆ అలవాటుతో ఇంట్లో పప్పు వడ్డించడం ఆలస్యమైనా ఈలే.

ఖోఖో టీములు రెండు. మగపిల్లలవి నీలం మూతల సీసాలు, ఆడపిల్లలవి ఎర్రవి. ఉప్పు, పంచదార, నిమ్మరసం కలిపి ఇరవై నాలుగూ నింపేది నేను, సాయంత్రం కడిగేదీ నేనే. హెడ్మాస్టరు గారు మెచ్చుకున్నది మాత్రం 'సారు తీసుకున్న జాగ్రత్తల్ని'.

సోమవారం ఆడపిల్లల టీంలో ప్రణవి ఆడుతూ కళ్ళు తిరిగి పడిపోయింది. నీడకు చేర్చి తడిగుడ్డలు కప్పితే తేరుకుంది. ఆయన ఇంటికొస్తూనే తీర్పు చెప్పేశారు.

"శనివారం పోటీలకు ఆడపిల్లల టీం పోదు, అహల్యా. తాగుమంటే తాగరు, ఒక్కొక్కతి మొండిది. ఏమన్న అయితే నా మెడకు చుట్టుకుంటది."

నేను సింకు దగ్గరున్నాను. నీలం మూతల సీసాలు ఖాళీ. ఎర్రవి పన్నెండూ నేను నింపినట్టే ఉన్నాయి. పన్నెండు మందికీ ఒక్కసారే మొండితనం ఎలా వస్తుంది? అప్పుడు మా అత్తగారు గుర్తొచ్చారు. అఫ్జల్‌గంజ్ ఇంటికి కాపురానికి వెళ్ళిన కొత్తలో "మా కోడలు బంగారం, మంచినీళ్ళు గూడ అడగది" అని గల్లీ అంతా చెప్పుకునేవారు. ఆ ఇంట్లో మరుగుదొడ్డికి వెళ్ళాలంటే మామగారూ స్నేహితులూ పేకాడే వరండా దాటాలి. బీఎస్సీ చదివిన ఆ బంగారం పొద్దున ఒక గ్లాసు తాగి, చీకటి పడేదాకా నోరు కట్టుకునేది. మూత్రంలో మంటతో దవాఖానకు వెళితే, నీళ్ళు తాగడానికీ బద్ధకమా అని డాక్టరమ్మ నన్నే తిట్టింది. కారణం చెప్పడానికి నాకు సిగ్గేసింది. ఆ సిగ్గును ఇంకో పన్నెండు మందికి పంచే ఉద్దేశం నాకు లేదు.

మర్నాడు సీసాలతో నేనే గ్రౌండుకు వెళ్ళాను. డాక్టరు ఆడొద్దన్నందుకు ప్రణవి మెట్ల మీద కూచుని ఉంది. ఎందుకు తాగరని అడిగాను.

"బాత్రూంకు తాళం, ఆంటీ. ప్యూను దుర్గయ్య మూడున్నరకే ఏసుకొని పోతడు. మొగపిల్లలు గా గోడెనకకు పోతరు. మేమేడికి పోవాలె? గిది సార్‌కు ఎట్ల చెప్తం?"

నేను చెప్పగలను. చెబితే "చూద్దాం" అంటారు. ఆయన 'చూద్దాం' మీద నమ్మకంతో మా వంటింటి కుళాయి మూడేళ్ళుగా కారుతోంది.

"మీరు తాగి చూపిస్తె పిల్లలు గూడ తాగుతరు గదా," అన్నాను ఆయన దగ్గరికి వెళ్ళి.

ఆదర్శంగా నిలబడటం ఆయనకు ఇష్టం. ఈలకొకటి చొప్పున మూడు సీసాలు తాగారు. ఈలోగా నేను ఆడపిల్లలందరినీ ఆ గోడ వెనక నీడలో కూచోబెట్టి, మెడలకు తడి తువ్వాళ్ళు చుట్టాను.

కాసేపటికి ఆయన గోడ దాకా వచ్చి, పన్నెండు మందినీ చూసి గిర్రున తిరిగారు. బాత్రూం దగ్గరికి పోయి తాళాన్ని రెండుసార్లు గుంజారు.

"గీ తాళమేంది, అహల్యా?"

"మూడున్నరకెల్లి రోజూ గింతేనంట. పిల్లలు ఆరింటిదాంక బిగవట్టుకోవాలె. గందుకే తాగుతలేరు."

ఆయన ఫోను తీసి "దుర్గయ్యా, ఏడున్నా ఉరుకు!" అని అరిచారు. దుర్గయ్య అబిడ్స్ నుంచి ఆటోలో వచ్చేసరికి పావుగంట పట్టింది. అంత పొడుగు పావుగంట ఆయన ఎన్నడూ ఎరగరు.

బయటికొచ్చాక తాళంచెవి ప్రణవి చేతిలో పెట్టి, పిల్లలందరి ముందూ గొంతు సవరించుకున్నారు.

"శనివారం మీ టీం గూడ పోతది. మిమ్మల్ని మొండోళ్ళన్న. తప్పు నాది, బిడ్డా. ఇరవయ్యేండ్లసంది గీడనే ఉన్న, గా తాళం నాకు కనవడనే లేదు."