దూలయ్య సామిల్లు

నాకు అనుమానం ఎక్కువని మా అత్తవారి వైపు పెద్ద పేరు. ఉండనివ్వండి. బుట్టలో పై వంకాయలు నవనవలాడుతుంటే కింది వంకాయ తీసి తిప్పి చూసే మనిషిని నేను. అలా చూడబట్టే కోస్తా నుంచి ఇంత దూరం వచ్చి, ఈ అడవి అంచున పదిమందిలో మర్యాదగా బతుకుతున్నాం. మా ఆయన వెంకటనారాయణ గారిని తిప్పి చూడడమే కష్టం. ఎటు తిప్పినా నవ్వుతూనే ఉంటారు.

తొంభై మూడు వేసవిలో పోస్టుమాన్ ఒక పొడుగాటి అట్టగొట్టం తెచ్చి ఇచ్చాడు. ఎక్కడో లూధియానా నుంచి, డబ్బు కట్టి విడిపించుకునే వి.పి.లో వచ్చింది. విప్పి పరిస్తే మంచమంత కాగితాలు, వాటినిండా నీలం గీతలు. రెండు చక్రాలు, వాటి మీదుగా గుండ్రంగా తిరిగే రంపం బద్దె, దుంగను పెట్టి ముందుకు తోయడానికి పట్టాలు.

"సామిల్లు ప్లాను" అన్నారు మా ఆయన, కొత్త బట్టలు కొనిచ్చిన పిల్లాడి ముఖం పెట్టి. "పాత జీపు చక్రాలు రెండు ఉంటే ఇంట్లోనే కట్టుకోవచ్చట."

"మనకెందుకండీ సామిల్లు?"

"మామిడితోట ముసలిదైపోయింది కదా. కొట్టేసి పామాయిల్ వేద్దాం. కొట్టిన చెట్లన్నీ పొయ్యిలోకేనా? స్లాబులకు సెంట్రింగ్ చెక్క అంటే అశ్వారావుపేటలో ఎగబడి కొంటున్నారు."

మాట సబబుగానే ఉంది. కాని మా తోట దాటితే వాగు, వాగు దాటితే అడవి. అడవి పక్కన రంపం బిగించి, ఇది మామిడి కోసమేనయ్యా అంటే నమ్మేదెవరు? ఆ మాటే అడిగాను. "నువ్వు నమ్మితే చాలు" అన్నారు. నేను నమ్మానని ఎవరు చెప్పారు ఈయనకు!

ఒక్క మాట మాత్రం ఒప్పుకోవాలి. ఆ మిల్లు కట్టిన రోజుల్లో మా ఆయన్ని చూస్తే ముచ్చటేసింది. కాగితాల మీది ఇంగ్లీషును డిక్షనరీ పెట్టుకుని కూడబలుక్కుంటూ చదివేవారు. కొత్తగూడెం పాత ఇనుము దుకాణాలు తిరిగి జీపు చక్రాలు తెచ్చారు. బావి దగ్గరి డీజిల్ ఇంజను ఊడదీసి షెడ్డులో బిగించారు. చక్రాలకు టైర్లు అలాగే ఉంచి గాలి కొట్టాలట, బద్దె ఆ రబ్బరు మీద నడవాలట. మా పాలేరు దూలయ్య వాగు అవతలి కోయగూడెం మనిషి. ఇద్దరూ ఒళ్లంతా గ్రీజు పూసుకుని, ఒకే చెంబు మజ్జిగ ఒకరి తర్వాత ఒకరు ఎత్తిపోసుకుని తాగుతూ పనిచేశారు. మొదటిసారి ఇంజను వేయగానే బద్దె చక్రం మీంచి జారి గాల్లోకి లేచింది. దూలయ్య ఒక్క గంతులో బయటపడ్డాడు గాని, లేకపోతే ఏమయ్యేదో. తర్వాత కోసిన మొదటి చెక్క వేయించిన అప్పడంలా వంకరలు తిరిగింది. మా ఆయన ఆ కాగితాలన్నీ మళ్లీ ముందేసుకుని, పై చక్రాన్ని కొద్దిగా వంచి బిగించాలని కనిపెట్టారు. ఆ సాయంత్రం చెక్క తిన్నగా తెగింది. "దొరా, సాఫ్ వచ్చింది!" అని దూలయ్య కేక పెట్టాడు. నాకూ సంతోషమే అయింది, అబద్ధమెందుకు చెప్పాలి.

ఆ సంతోషం బోర్డు రాయించేదాకానే.

ఒకరోజు పెయింటరు వచ్చి రేకు మీద ఎర్రక్షరాలతో రాశాడు: 'దూలయ్య సా మిల్లు. ప్రొప్రయిటర్ సోడె దూలయ్య.' దాన్ని రోడ్డుకు కనబడేలా షెడ్డు ముందు కొట్టించారు మా ఆయన.

"ఇదేంటండీ?"

"గిరిజనుల పేరు మీదైతే లైసెన్సు తొందరగా వస్తుంది సీతా. ఇక్కడ మనవాళ్లందరూ చేసేదేగా."

చేస్తారు, నాకు తెలియనిదా! ఇక్కడ ఎందరి పొలాలు కోయవాళ్ల పేరు మీద ఉండి మనవాళ్ల చేతుల్లో పండుతున్నాయో ఊళ్లో ఎవర్నడిగినా చెబుతారు. కాని అలా పెట్టినవాళ్లు గుట్టుగా ఉంటారు. పేరు కాగితాల్లో ఎక్కడో పడి ఉంటుంది. ఈయన మాత్రం రోడ్డుకెక్కి చాటించారు. దాచుకోవలసిన సంగతికి బోర్డు రాయించే మనిషిని నేనెక్కడా చూడలేదు.

దూలయ్య సంబరం చూడాలి! చదువు రాకపోయినా ఆ అక్షరాలు తనవేనని తెలుసు. రోజూ పొద్దున్నే తుండుగుడ్డతో బోర్డు తుడిచేవాడు. వాళ్లావిడ గంగక్క గూడెం ఆడవాళ్లందర్నీ వెంటబెట్టుకొచ్చి చూపించింది. రంపానికి పసుపు పూసి కోడిని కోసి మొక్కింది. "మా ఇంటాయన పేరు అమ్మా, రోడ్డు మీద పోయే బస్సోళ్లు సుత సదువుతున్నరు" అని చెబుతుంటే ఆమె కళ్లు తడిసిపోయాయి. నేను నవ్వి ఊరుకున్నాను. ఏమనను?

ఆషాఢం వచ్చింది. పగిడయ్య అనే బండివాడు పొద్దు పొడిచే వేళకు గడ్డిబండ్లు తోలుకురావడం మొదలుపెట్టాడు. మా గడ్డివామి సగం కూడా తరగలేదు. ఉన్నది రెండు బర్రెలు. ఇంత గడ్డి ఎవరు తింటారని అడిగితే, "ముసురు పడితే దొరకదే" అన్నారు మా ఆయన. సరేనన్నాను. కాని ఆ బండ్లు వామి దగ్గర ఆగడం లేదు, షెడ్డు వెనక ఆగుతున్నాయి. ఒట్టి గడ్డి లాగడానికి ఎద్దులు అంతలా రొప్పుతాయా?

దానికంటే నన్ను ఎక్కువగా పీకింది ఇంకొకటి. మా ఆయన షెడ్డులోకి వెళ్లడం మానేశారు. కాగితం చూసి, చక్రం బిగించి, అన్నం కూడా అక్కడికే తెప్పించుకుని తిన్న మనిషి ఇప్పుడు రంపం తిరుగుతున్నంతసేపూ రోడ్డువైపు అరుగు మీద కుర్చీ వేసుకుని పేపరు చదువుతున్నారు. వచ్చేపోయేవాళ్లను పిలిచి మరీ పలకరిస్తున్నారు. తన చేత్తో కట్టుకున్న యంత్రం దగ్గరికి వెళ్లకుండా మగవాడు ఉండగలడా? ఎందుకు ఉంటున్నాడు? నేను ఇక్కడే ఉన్నాను, అక్కడ లేను అని పదిమందీ చూడాలనే కదా!

ఒక మధ్యాహ్నం గంగక్క తట్టనిండా రంపంపొట్టు తెచ్చింది. మా ఇంట్లో పొట్టు పొయ్యి ఉంది. డబ్బా మధ్యలో సీసా నిలబెట్టి, చుట్టూ పొట్టు దట్టించి, సీసా లాగేస్తే పూటంతా మండుతుంది. అన్నాళ్లూ మామిడి పొట్టే పోశాను. అది తెల్లగా పొడిపొడిగా ఉంటుంది, పులుపు పొగ వస్తుంది. ఈ తట్టలోది గోధుమరంగులో ఉంది. చేత్తో నొక్కితే నూనె జిడ్డు. అంటించగానే వచ్చిన వాసన నాకు బాగా తెలుసు. మా పుట్టింట్లో కొత్త తలుపులు చేయించినప్పుడు నెలల తరబడి ఇల్లంతా అదే వాసన. టేకు.

పొయ్యి మీద నీళ్లు కుమ్మరించి అరుగు మీదికి వచ్చాను.

"టేకు కోయిస్తున్నారు మీరు."

పేపరు మడిచారు గాని నవ్వు మడవలేదు. "మిల్లు అన్నాక నలుగురూ నాలుగు రకాల కర్ర తెస్తారు. ఎవరిదో ఏమిటో మనకెందుకు?"

"ఫారెస్టు జీపు వస్తే?"

"వస్తే బోర్డు చదువుకుంటారు."

ఎంత మామూలుగా అన్నారో! కూరలో ఉప్పు సరిపోయింది అన్నట్టు అన్నారు.

"అంటే దూలయ్య జైలుకు పోవాలా?"

"పిచ్చిదానా, జైలేమిటి? లాయర్ని పెట్టి బెయిలు ఇప్పించనూ? కోయవాడంటే కోర్టువాళ్లే జాలిపడతారు."

"పడకపోతే?"

ఆయన పేపరు మళ్లీ విప్పుకున్నారు. "నీకిది జబ్బు సీతా" అన్నారు అక్షరాల్లోంచి తల ఎత్తకుండా.

నాకు ఒళ్లు మండిపోయింది. ఏడుపూ వచ్చింది. దూలయ్య మా ఇంట్లో నా పెళ్లినాటి నుంచీ ఉన్నాడు. నాకు టైఫాయిడ్ వస్తే మంచానికి ఒక పక్క తాను పట్టి మోసి దవాఖానాకు చేర్చినవాడు. అతన్ని ముందు నిలబెట్టి వెనక దాక్కోవడానికా ఇంత కొత్త యంత్రం, ఇంత తెలివి!

సాయంత్రం నేనే వాగు దాటి గూడెం వెళ్లాను. గంగక్క వాకిట్లో ఇప్పగింజలు కొడుతోంది. పక్కన కూర్చుని గొంతు తగ్గించి అంతా చెప్పాను. గడ్డి కింద టేకు ఉందన్నాను. ఏదైనా అయితే మీ ఆయన్నే పట్టుకుంటారన్నాను. రేపటి నుంచి పనిలోకి పంపకు, ఆ బోర్డు పీకి పారేయమను అన్నాను.

గంగక్క రాయి పక్కన పెట్టి నావైపు తిరిగింది.

"ఒక మాట అడుగుత, ఏమనుకోరు గదా అమ్మా? ఇన్నేండ్ల సంది మీ ఇంట్ల పేడ తీసినం, గొడ్లు కాసినం. గప్పుడు ఎన్నడన్న మా గుడిసెకు వచ్చిండ్రా?"

"అది కాదు గంగక్కా..."

"బోర్డు మీద మా పేరెక్కంగనే ఉరుక్కుంట వచ్చిండ్రు. దొర మంచిగ సూస్తుండు, మీకు కండ్లు మండుతున్నయ్. గంతే గదా?"

చెంప మీద కొట్టినట్టయింది. లోకమంతటినీ అనుమానించే నన్ను ఇన్నాళ్లకు ఒక మనిషి అనుమానించింది. పోనీ తప్పని అందామా అంటే, ఆ గుమ్మం తొక్కడం నాకు నిజంగా అదే మొదటిసారి. లేచి వచ్చేశాను. మర్నాడు దూలయ్యకూ చెప్పి చూశాను. "దొర నాకు మోసం చేస్తడా అమ్మా? గట్ల అనకుండ్రి" అని చేతులు జోడించాడు. కర్ర ఎవరిదో అతనికి తెలియదు. దొర కోయమన్నది కోస్తున్నాడు.

జీపు వచ్చింది. పట్టపగలు, రంపం తిరుగుతుండగానే వచ్చింది. పగిడయ్య బండి అప్పుడే వాగు దాటి వచ్చి షెడ్డు వెనక ఆగి ఉంది. గార్డులు గడ్డి లాగి పారేస్తే కింద టేకు దుంగలు, పచ్చిగా, అప్పుడే నరికినవి. బండివాడు అప్పటికే పొలాలకు అడ్డంపడి పారిపోయాడు. ఊరంతా పోగైంది. రేంజరు బోర్డు ముందు నిలబడి తల పైకెత్తి చదివాడు.

"సోడె దూలయ్య ఎవరు?"

దూలయ్య ఇంజను ఆపి బయటికి వచ్చాడు. అంత జరిగినా భయపడినట్టు లేడు. భుజం మీది తుండు కూడా తీయలేదు.

"నేనే సార్. మిల్లు నాదే."

"ఎక్కు జీపు."

దూలయ్య మా ఆయనవైపు చూశాడు. మా ఆయన అరుగు దిగి వచ్చారు. "వెళ్లిరా దూలయ్యా. నేను వెనకాలే వస్తాగా" అన్నారు, సంతకు పంపుతున్నంత తేలిగ్గా.

ఇక నాకు ఆగలేదు. కొంగు నడుముకు బిగించి జీపుకు అడ్డం వెళ్లాను.

"ఆ మిల్లు అతనిది కాదండీ. షెడ్డు ఉన్న నేల మా నాన్న ఇక్కడ కొని నాకు పసుపు కుంకుమ కింద ఇచ్చింది. పట్టా నా పేరు మీద ఉంది, తెచ్చి చూపిస్తాను. మిల్లు నాదని రాసుకోండి. దూలయ్య కూలివాడు."

జనంలో కలకలం రేగింది. నేను రేంజరుతో మాట్లాడుతున్నానే గాని నా చూపంతా మా ఆయన మీదే ఉంది. ఎంతటివాడైనా పెళ్లాం జీపెక్కుతుంటే చూస్తూ ఊరుకోడు. పరువు కోసమైనా నోరు విప్పుతాడు. ఆగండి, మిల్లు నాది అంటాడు. ఆ ఒక్క మాట అనిపించడానికే నేను వెళ్లి నిలబడ్డాను. ఆ మాట వస్తుందని దేవుడి ముందు ప్రమాణం చేసేంత నమ్మకంగా ఉన్నాను.

రేంజరు ఇబ్బందిగా మా ఆయన వైపు తిరిగాడు. "ఏమండీ, మీ ఆవిడ గారు ఏదో అంటున్నారు?"

మా ఆయన కళ్లజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకున్నారు. మళ్లీ పెట్టుకున్నారు.

"భూమి ఆమెదే సార్" అన్నారు. "షెడ్డు సంగతులు నేనెప్పుడూ పట్టించుకోలేదు."

గంగక్క జనాన్ని తోసుకుంటూ ముందుకు వచ్చింది. మా ఆయన ముఖం చూసింది, నా ముఖం చూసింది. ఏదో అనబోయి చేత్తో నోరు మూసుకుంది. దూలయ్య మాత్రం రేంజరు కాళ్ల మీద పడ్డాడు. "అమ్మను ఇడిచిపెట్టుండ్రి సార్, అమ్మకేం ఎర్కలేదు. అంత నేనే జేసిన" అని ఏడ్చాడు. మొగుడు అనవలసిన మాట పాలేరు అన్నాడు.

రేంజరుకు విసుగెత్తింది. "ఎవరిదో రేంజి ఆఫీసులో తేలుద్దాం. ఇద్దరూ ఎక్కండి" అన్నాడు. ఎక్కాను. ఎవరి చెయ్యీ పట్టుకోకుండానే ఎక్కాను.

జీపు కదిలింది. నా పక్కన సీటు ఖాళీగా ఉన్నా దూలయ్య కింద రేకు మీద గొంతుక్కూర్చున్నాడు.

"ఫికర్ చెయ్యకుండ్రి అమ్మా. దొర ఎనకనే వస్తనన్నడు."

"లేచి పైన కూర్చో దూలయ్యా."

"వద్దమ్మా. దొర సూస్తే మంచిగుండదు."

"ఆయన చూడడు. రాడు" అన్నాను.

దూలయ్య లేవలేదు. రోడ్డు మలుపు తిరిగేదాకా వెనక్కే చూస్తూ కూర్చున్నాడు.