కంబళి ఎత్తే చేతులు

"పెట్టె మూత తీసి చూపించండి," అంది నాజిరా.

బడి గదిలో మాటలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. బయట లౌడ్‌స్పీకర్లో పండగ పాట మాత్రం మోగుతూనే ఉంది. వసారాలో నూనెలో వేయించిన పిండి బిళ్లలు గుట్టగా పోసి ఉన్నాయి. సారీబెల్‌లో ఊళ్లో ఎన్నికలంటే అదే రివాజు. పాట, పిండి బిళ్లలు, వేడివేడి టీ, ఆఖర్న ఎప్పుడూ గెలిచేవాడే గెలవడం.

నాజిరా ఆ బడిలోనే చరిత్ర చెప్పే పంతులమ్మ. పంతుళ్లందరితో పాటు ఆమెనూ ఎన్నికల పనికి వేశారు. తలుపులు తెరవగానే పెట్టెను బోర్లించి, ఖాళీగా ఉందని జనానికి చూపించి, అప్పుడు సీలు వేయాలి. ఆ పొద్దున మాత్రం ముందే సీలు వేసిన పెట్టే జీపులోంచి దిగింది. కిటికీ దగ్గరకు జరుపుదామని పట్టుకుంటే అది కదల్లేదు.

"ఒక్క ఓటైనా పడకముందే ఇంత బరువేంటండీ? గాలి బరువా?" అని మళ్లీ అడిగింది.

హెడ్‌మాస్టరు దొంగకు తేలు కుట్టినట్టు ఓటర్ల జాబితాలో తల దూర్చాడు. వరుసలో ముందు ఆమె తల్లి సాయ్‌కల్ నిలబడి ఉంది. ఊరుకోవే తల్లీ అని కళ్లతోనే బతిమాలింది. కూతురు ఆమె వైపు చూస్తేగా! సీలు తాడు మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి అలా వేసిందో లేదో, ఇద్దరు పోలీసులు లోపలికొచ్చి ఆమె జడ పట్టుకుని ఈడ్చారు. పిల్లలకు పాఠం చెప్పే గడప మీద పంతులమ్మ మోకాళ్లు గీరుకుపోయాయి.

ఊళ్లో సగం జనం అక్కడే ఉన్నారు. తెల్లటోపీల పెద్దమనుషులున్నారు, గుర్రాలు కాసే కుర్రాళ్లున్నారు, చంకన బిడ్డలతో ఆడవాళ్లున్నారు. ఒక్కరైనా కదిలారా? లేదు. సాయ్‌కల్ ఒక్కతే కేకలు పెడుతూ జీపు వెంట పరిగెత్తింది. జీపు మలుపు తిరిగాక ఇక్కడ వరుస మళ్లీ సర్దుకుంది. జనం తలలొంచుకుని ఓట్లేసి, పిండి బిళ్లలు తిని ఇళ్లకు పోయారు. సిగ్గుపడాల్సిన సంగతే! దాచుకుంటే పోయే సిగ్గు కాదు గనుక చెబుతున్నాను.

సాయంత్రానికి రేడియో చెప్పింది, అధ్యక్షుడికి నూటికి తొంభై ఆరు ఓట్లట.

* * *

జిల్లా అధికారిని అక్కడ అకిమ్ అంటారు, అప్పటి అకిమ్ కదిర్బాయెవ్. ఆయన్ని జనం ఎన్నుకోరు, అధ్యక్షుడే వేస్తాడు. అందుకే ఆయనకు కింద నేల కనపడదు, పైన ఆకాశమే కనపడుతుంది. అలాంటి మనిషి సాయ్‌కల్ కంబళ్ల పాకకు తనే నడిచొచ్చాడు.

సారీబెల్ కంబళి మగ్గం మీద నేసేది కాదు. ఉన్నిని కర్రలతో కొట్టి, రెల్లు చాప మీద పరిచి, మరిగే నీళ్లు చల్లి, చాపతో సహా చుట్టి, ఊరి ఆడవాళ్లంతా కలిసి తొక్కి తొక్కి, మోచేతులతో దొర్లించి గట్టిపరిచేది. ఒక్క మనిషి వల్ల అయ్యే పని కాదు. ఆ పాకలో పెద్ద చెయ్యి సాయ్‌కల్‌దే.

"అక్కా, అధ్యక్షుడు మన మైదానానికి వస్తున్నాడు," అన్నాడు అకిమ్. "పూర్వం మన ఖాన్‌లను తెల్ల కంబళి మీద కూర్చోబెట్టి జనం ఎత్తేవాళ్లు చూడు, అట్లా ఆయన్ని ఎత్తాలి. టీవీలో దేశమంతా చూస్తుంది. కంబళి మీరే చెయ్యాలి, మీరే ఎత్తాలి."

"మీ దగ్గర ఎత్తేవాళ్లకు కరువా అకిమ్ గారూ? పొద్దస్తమానం ఎత్తుతూనే ఉంటారుగా."

అకిమ్ నవ్వలేదు. "నోరు కూతురికే అనుకున్నా, తల్లికీ ఉంది. ఎన్నికలకు అడ్డం పడ్డందుకు ఏడేళ్లు వేస్తారు ఆ పిల్లకి. కంబళి లేచిన పూట ఆ మైదానంలోనే పోలీసు బండి తలుపు తీసి నీకు అప్పజెబుతా. ఎత్తేముందు, ఎవరి ఇష్టంతో ఎత్తుతున్నారని ఆచారం ప్రకారం అడుగుతారు. మా ఇష్టంతోనే అనాలి. అంతకు మించి ఒక్క మాట వద్దు."

ఏడేళ్లు! కంబళి ఎంత పొడుగుండాలని మాత్రమే అడిగింది సాయ్‌కల్.

మర్నాడు పాకలో ఆడవాళ్లంతా కూడారు. అకిమ్ చెప్పింది ఆమె దాచుకోకుండా చెప్పింది. చెప్పి, తలగుడ్డ విప్పి వాళ్ల ముందు నేల మీద పరిచింది. ఆ ఊళ్లో ఆడది తలగుడ్డ విప్పి పరిచిందంటే అంతకు మించిన వేడుకోలు లేదు.

"నాకోసం ఎత్తండమ్మా. ఒక్కసారి."

కోడలు వరసైన మీరిమ్ భగ్గుమంది. "మన ఓటు దోచుకున్నవాణ్ని మనమే నెత్తికెత్తుకోవాలా అత్తా? కంచే చేను మేస్తే, ఆ కంచెకు పూలదండ వెయ్యమంటున్నావా?"

"నీ కూతురైతే తెలిసేది," అని అరిచింది ఇంకొకామె.

"మొన్న బడి దగ్గర నా కాళ్లు లేవలేదు," అంది మీరిమ్. "ఆ ఏడుపే ఏడుస్తున్నా. ఇప్పుడు చేతులు లేపమంటే ఎట్లా?"

"ఓ పని చేద్దాం," అంది వెనకనుంచి ఒక పడుచు. "మధ్యలో సరిగ్గా తొక్కకుండా వదిలేద్దాం. పైకి ఎవరికీ తెలీదు. ఎత్తగానే చిరుగుద్ది, ఆయనగారు దబ్బున పడతాడు."

పాకంతా నవ్వు. ఆ నవ్వు ముసలి ఉమ్‌సునాయ్ గొంతుతో ఆగిపోయింది. డెబ్బై దాటిన మనిషి, ఊళ్లో సగంమందికి కంబళి పని నేర్పిన మనిషి.

"నోర్ముయ్యండే! చెడ్డ కంబళి ఈ పాక గడప దాటదు. కంబళి చిరిగితే, ఆడాళ్లకు పని రాదంటారు. మనకు పని వచ్చా రాదా అన్నది కాదు ఇక్కడి సంగతి. పెట్టెలో ఓట్లు పదిమంది దొంగలు కుక్కుతారు. కంబళి లేవాలంటే మాత్రం మన చేతులు కావాలి. ఆ ముండాకొడుకులకు అది తెలిసే మన గుమ్మంలోకొచ్చారు."

"అయితే ఎత్తనంటావా పెద్దమ్మా?" అంది సాయ్‌కల్.

ముసలామె వంగి, నేల మీది తలగుడ్డ తీసి దులిపి, తన చేత్తోనే సాయ్‌కల్ తలకు కట్టింది.

"నాజిరా మా అందరి పిల్ల. ఆ రోజు దాన్ని వదిలేశాం. ఇవాళ మళ్లీ వదలం. ఎత్తుదాం."

మీరిమ్ ఏడుస్తూనే ఒప్పుకుంది. ఒప్పుకున్నారే గానీ ఒక్కరి మొహంలోనూ కళ లేదు. ఓడిపోయి ఒప్పుకున్న ఒప్పుకోలు అది.

పని మొదలైంది. వెన్నలాంటి తెల్ల ఉన్ని ఏరారు. కంబళి దొర్లించేటప్పుడు పాడే పాటలుంటాయి, ఈసారి ఎవరూ పాట ఎత్తలేదు. మోచేతులు తోలు లేచిపోయేదాకా దొర్లించారు. ఎండలో ఆరేసిన రోజు చూస్తే, అంత పెద్ద కంబళి, అంత గట్టి కంబళి ఆ లోయలో ఎవరూ ఎరగరు. అకిమ్ వచ్చి తడిమి చూసి మురిసిపోయాడు. ఆ మురిపెంలోనే కూతుర్ని చూసుకోవడానికి సాయ్‌కల్‌కు సెలవిచ్చాడు.

ఠాణాలో కటకటాల వెనక నాజిరా పెదవులు పగిలి ఉన్నాయి. తల్లి తెచ్చిన రొట్టె తుంచి సగం పక్క గదిలోని ఆడమనిషికి ఇమ్మని కాపలావాడికి ఇచ్చింది. సాయ్‌కల్ సంగతంతా చెప్పింది. ఇంకెంతమ్మా, నాలుగు రోజులు ఓపిక పట్టు అంది.

నాజిరా ఏడవలేదు, కోప్పడలేదు.

"అమ్మా, నేనడిగింది పెట్టె ఖాళీగా చూపించమనే. పెద్ద విప్లవమేం చెయ్యలేదు. దానికే వాళ్లు ఇంత వణికారంటే చూడు."

"వాళ్ల వణుకు నాకెందుకే? నువ్వు నాకు కావాలి."

"నువ్వేం చెయ్యాలో నేను చెప్పనమ్మా. ఎత్తాలనిపిస్తే ఎత్తు. ఎత్తినా, ఎత్తకపోయినా నాకు నీమీద కోపం రాదు. కానీ నా పేరు చెప్పి మాత్రం ఎత్తకు. రేపు బళ్లో పిల్లలు అడుగుతారు, టీచరమ్మా, ఆయన్ని ఎత్తింది ఎవరి కోసమని. వాళ్లకు నేనేం చెప్పను?"

తిరుగు దారంతా సాయ్‌కల్ కూతుర్ని తిట్టుకుంటూనే నడిచింది. మొండిఘటం, తండ్రి పోలిక, చదువెక్కువై మతిపోయిందని తిట్టింది. ఇంటికొచ్చి ఎవరికీ ఏమీ చెప్పలేదు.

* * *

మైదానమంతా జెండాలు. బడిపిల్లల్ని, ఆసుపత్రి నర్సుల్ని, గని కూలీల్ని బస్సుల్లో తోలుకొచ్చి కూర్చోబెట్టారు. తాగడానికి గుర్రప్పాల తోలుతిత్తులు తెచ్చారు, గొర్రెలు కోశారు. టీవీ బండ్లు వరుసగా నిలబడ్డాయి. ఒక పక్కన, కొండవైపు దారి మొదట్లో, ఇనప జాలీ కిటికీల పోలీసు బండి ఆగి ఉంది. ఆ జాలీ వెనక నాజిరా మొహం.

అకిమ్ మాట నిలబెట్టుకున్నాడు. పిల్లను కళ్లెదుటికే తెచ్చాడు.

ఆడవాళ్లు నలువైపులా చేరి కంబళి అంచులు పట్టుకున్నారు. సాయ్‌కల్ ముందు మూల, పక్కన ఉమ్‌సునాయ్, ఎదురుగా మీరిమ్. అధ్యక్షుడు నడిచొచ్చి మధ్యలో కూర్చున్నాడు. పొట్టి మనిషి, మొహాన పౌడరు. కూర్చునేటప్పుడు ఉన్ని మీద బూట్లు తుడుచుకున్నట్టు కాళ్లు ఈడ్చాడు. అది చూసి ఉమ్‌సునాయ్ పళ్లు కొరికింది.

ఆచారం ప్రకారం ఆ ప్రశ్న అడిగే పెద్దమనిషి వేషానికి రాజధాని నుంచి ఒక నాటకాలవాణ్ని తెచ్చారు. అంటించిన గడ్డం గాలికి ఒకవైపు ఊడుతోంది. మైకు పట్టుకుని గొంతెత్తాడు.

"ఓ జనులారా! నూటికి తొంభై ఆరు మంది మెచ్చిన ఈ మహానుభావుణ్ని ఎవరి ఇష్టంతో ఎత్తుతున్నారు?"

మైకు తెచ్చి సాయ్‌కల్ నోటి దగ్గర పెట్టాడు. కెమెరాలన్నీ అటు తిరిగాయి. కంబళి ఇవతల అకిమ్ ఆమెను చూసి చిన్నగా తలూపాడు.

మా ఇష్టంతోనే. రెండే రెండు మాటలు. ఆ రెండూ అంటే సాయంత్రానికి కూతురు ఇంట్లో ఉంటుంది, పొయ్యి దగ్గర కూర్చుని టీ తాగుతుంది. సాయ్‌కల్ నోరు తెరిచింది. "మా..." అంది. కళ్లు పోలీసు బండి వైపు పోయాయి. జాలీ వెనక నాజిరా వద్దని తల తిప్పలేదు, సైగ చెయ్యలేదు. ఊరికే చూస్తోంది, బళ్లో పిల్ల లేచి జవాబు చెప్పేదాకా ఆగి చూసినట్టు.

"మా ఇష్టం కాదు," అంది సాయ్‌కల్.

మైదానంలో నలుమూలల స్పీకర్లూ ఆ మాటే అన్నాయి.

"నా కూతురు అదిగో ఆ బండిలో ఉంది. పెట్టె ఖాళీగా చూపించమన్నందుకు! ఎత్తితే వదులుతామన్నారు, అందుకొచ్చాను. అది నాకు ప్రాణం. కానీ ఈయన్ని ఎత్తడం నా ఇష్టం కాదు!"

ఆమె పిడికిళ్లు విప్పింది. కంబళి మూల నేల మీద పడింది.

గడ్డంవాడు మైకు లాక్కున్నాడు. అప్పటికే ఆలస్యమైపోయింది. ఉమ్‌సునాయ్ చేతులు తీసేసింది. "అమ్మయ్య!" అని ఒక్క కేక పెట్టి మీరిమ్ అంచు వదిలేసింది. ఆ మీద ఎవరు ముందు వదిలారో, ఎవరు వెనక వదిలారో ఎవరికీ తెలీదు. అధ్యక్షుడు గడ్డి మైదానంలో నేల మీద, కంబళి మధ్యలో, బాసింపట్టు వేసుకుని కూర్చునే ఉన్నాడు.

"ఎత్తండ్రా! మీరెత్తండి!" అని అకిమ్ గుడ్లురిమాడు. అధ్యక్షుడి వెంట వచ్చిన సూట్లవాళ్లు ఉరుక్కుంటూ వచ్చారు. ఒక పక్క లేచింది, ఒక పక్క లేవలేదు. అధ్యక్షుడు గొర్రెపిల్లలా దొర్లి అంచు దగ్గరకొచ్చాడు. బస్సుల్లో తోలుకొచ్చిన గని కూలీల్లోంచి ఎవరో పెద్దగా నవ్వారు. ఆ నవ్వు ఈ చివరినుంచి ఆ చివరికి పాకింది. నవ్వులోంచే కేక పుట్టింది.

"దించండి! దించండి! పెట్టె తెరవండి!"

అధ్యక్షుణ్ని చుట్టుముట్టి కార్లలోకి ఎక్కించుకుపోయారు. పోలీసులు సాయ్‌కల్ చేతులు విరిచి కట్టి, బూటుకాలితో తన్ని, ఆ జాలీ బండిలోకే తోశారు. చీకటి బండిలో తల్లి, కూతురు ఒకరి మీద ఒకరు పడ్డారు.

"నీ పేరు చెప్పాను తల్లీ, మన్నించు," అంది సాయ్‌కల్ వగరుస్తూ.

"ఎత్తడానికి చెప్పలేదుగా," అని నాజిరా వెక్కివెక్కి ఏడ్చింది. ఠాణాలో రాని ఏడుపంతా ఇప్పుడొచ్చింది.

డ్రైవరు బండి స్టార్టు చేశాడు. హారన్ కొట్టాడు, మళ్లీ కొట్టాడు. బండి ముందుకు పోలేదు. జాలీలోంచి సాయ్‌కల్ తొంగి చూసింది.

దారికి అడ్డంగా, మైదానంలోంచి లాక్కొచ్చిన తెల్ల కంబళి పరిచి ఉంది. దాని మధ్యలో ఉమ్‌సునాయ్ మఠం వేసుకుని కూర్చుంది. మీరిమ్ కూర్చుంటోంది. ఆ రోజు బడి వరుసలో తలొంచుకున్న తెల్లటోపీలవాళ్లు వచ్చి కూర్చుంటున్నారు. హెడ్‌మాస్టరు కాసేపు అటూ ఇటూ చూసి, టోపీ చేతిలోకి తీసుకుని ఒక మూలకు కూర్చున్నాడు. కంబళి మీద చోటు చాలక కూలీలు మట్టిలోనే కూలబడ్డారు.

ఒక అధికారి తుపాకీ తీసి అరిచాడు. "లేవండి! లేవకపోతే కాలుస్తాం!"

ఉమ్‌సునాయ్ చేతులు ఒళ్లో పెట్టుకుని అతని మొహంలోకి చూసింది. "ఎత్తు నాయనా," అంది. "చేతనైతే మమ్మల్ని ఎత్తు."

డ్రైవరు ఇంజను ఆపేశాడు.