హెప్సిబా మంచం పక్కన నీళ్లు

పొద్దున్నే హెప్సిబా కాళ్లలో నొప్పి మొదలైందంటే అత్త దీనమ్మ స్టవ్ వెలిగించదు. చాయ్ గిన్నె తెచ్చి కోడలి మంచం పక్కన పెడుతుంది. నొప్పి ముదిరేకొద్దీ నీళ్లు మరుగుతాయి. పుట్టుకతో వచ్చిన సికిల్ సెల్ అనే నెత్తురు జబ్బు నొప్పికి మాత్రమే అలా మరుగుతాయి. తలనొప్పికీ, దెబ్బలకూ గోరువెచ్చన కూడా కావు. వాడకట్టు మొత్తానికి తెలిసిన సంగతే. "జర ఓర్సుకో బిడ్డా, పప్పు ఉడికేదాక" అంటూ పక్కింటి మొగిలమ్మ కూడా గిన్నె పట్టుకొస్తుంది. ఆడదాని నొప్పిని ఊరికే పోనిస్తారా ఎవరైనా!

భర్త శామ్యూల్ మాత్రం వేరు. కాళ్లు నొక్కుతాడు, నీళ్లు తాగిస్తాడు. అందుకే పిత్తాశయంలో రాళ్లకు ఆపరేషన్ అన్నప్పుడు హెప్సిబా అతన్నే నమ్ముకుంది. పెద్దదవాఖాన డాక్టర్ ఎప్పుడో చెప్పాడు: ఆపరేషన్ చేసేవాళ్లకు ఈ జబ్బు సంగతి ముందే చెప్పాలి. అవసరమైతే రక్తం ఎక్కిస్తారు, సెలైన్ ఆపరు, చలి తగలనివ్వరు, నొప్పి మందు ఆలస్యం చెయ్యరు.

"చెప్పినవా?" అని అడిగింది, ప్రైవేటు ఆసుపత్రిలో చేరిన రోజు.

"అన్ని చెప్పిన. నువ్వు ఫికర్ చెయ్యకు."

"మరి రక్తం ఎక్కియ్యలేదు గద?"

"అవసరం లేదన్నది డాక్టరమ్మ. మళ్ల మళ్ల అడిగి సతాయించకు."

డాక్టరమ్మ కూడా అన్నీ అతన్నే అడిగి పోయింది. పెళ్లాం ఒంట్లో ఏముందో మొగుడికే కదా తెలిసేది!

ఆపరేషన్ అయ్యి తెలివి వచ్చేసరికి ఒళ్లు మంచుగడ్డలా ఉంది. నాలుక పిడచకట్టింది. సాయంత్రానికి ఎముకల్లో గాజుపెంకులు నూరుతున్నట్టయింది. "కుట్ల నొప్పమ్మా" అని పోతూ పోతూ చెప్పింది చిన్న నర్సు.

బల్లమీద స్టీలు సీసాలో నీళ్లు బుసబుసా పొంగాయి. పక్క మంచం ఆమె ఫ్లాస్కు మూత ఎగిరిపడింది. హెడ్ నర్సు సువార్తమ్మ పరుగున వచ్చి, సీసా ముట్టుకుని చెయ్యి వెనక్కి లాక్కుంది.

"కుట్లకు నీళ్లు మరగవు గదా! ఏం జబ్బున్నది నీకు? ఏం లేదన్నడు గద మీ ఆయన?"

హెప్సిబా శామ్యూల్ వైపు చూసింది. అతను వంగి చెవిలో గొణిగాడు.

"ఈ నర్సమ్మ మా చెల్లెకు చూసిన డోర్నకల్ పిల్లగాని మేనత్త. చెల్లె సంబంధం ఖాయమైతాంది. ఇంట్ల రోగమున్నదంటే ఇడిసిపెడ్తరు. ఏ నొప్పికైనా నీకిట్లనే మరుగుతయని చెప్పు. జర ఓర్సుకో."

అత్త నోటా, ఇరుగుపొరుగు నోటా విని విని అరిగిపోయిన మాటే. అతని నోట వినడం ఇదే మొదలు.

"నా నెత్తురుకు మీ చెల్లె నెత్తురుకు ఏం చుట్టరికం?" అందామె. తర్వాత అందరికీ వినబడేట్టు, "సిస్టర్, నాకు సికిల్ సెల్. పుట్టినకాడికెల్లి ఉన్నది. ఈయనకు తెలుసు."

ఆక్సిజన్ పెట్టారు. వెచ్చటి దుప్పట్లు, సెలైన్, నొప్పికి గట్టి ఇంజక్షన్, రక్తం. "ఇంకా ఆలస్యమైతే ఊపిరితిత్తుల మీదికి వచ్చేది" అంది డాక్టరమ్మ. చర్చిలో ప్రసంగం వింటున్నట్టు తల వంచుకుని విన్నాడు శామ్యూల్.

నొప్పి కాస్త దిగాక హెప్సిబా సువార్తమ్మ ఫోన్ అడిగి తీసుకుంది.

"అమ్మా, డిశ్చార్జి చేసిననాడు నన్ను ఘన్‌పూర్ మనింటికి తీసుకపోను నువ్వే రావాలె."

"అల్లుడు లేడా బిడ్డా?"

శామ్యూల్ మంచాన్ని ఆనుకునే నిలబడి ఉన్నాడు.

"లేడమ్మా" అంది హెప్సిబా.