నా ముఖం మీదే చెప్పండి

"నొప్పి వల్ల పని మానేసిన రోజులు ఉన్నాయా?" అని అడిగింది డాక్టరమ్మ.

"ఒక్క రోజు కూడా లేదండీ," అంది కోడలు.

గొప్ప కోసం అన్న మాట కాదు. మనసా వాచా నమ్మి అన్న మాట. అత్తగారింటి పరదాల దుకాణంలో గుడ్డ కత్తిరించే పనంతా ఆమెదే. అత్తగారు మిషను మీద కుడుతుంది, మొగుడు ఇళ్ళకు వెళ్ళి కిటికీలు కొలుచుకొచ్చి, కుట్టినవి తీసుకెళ్ళి తగిలిస్తాడు. పరదా అంటే ఏముంది, నాలుగు పక్కలా కుట్టేస్తే సరి అనుకునేవాళ్ళు ఒకసారి ఆ బల్ల దగ్గర నిలబడి చూడాలి. రెండు పరదాల మీదా పువ్వు ఒకే ఎత్తులో రావాలి. మూసినప్పుడు ఈ పక్క కొమ్మ ఆ పక్క ఆకును అందుకోవాలి. గుడ్డ కాస్త జారితే చాలు, కొమ్మ విరిగినట్టు కనిపిస్తుంది, ఇంటావిడ ముఖం మాడిపోతుంది. అలాంటి పనిని నెలనెలా ఆ పాడు రోజుల్లో కూడా పళ్ళ బిగువున చేసుకుపోతున్నానని కోడలికి లోలోపల మహా ధీమా.

"అంటే ఓర్చుకోగలుగుతున్నారన్నమాట," అంది డాక్టరమ్మ. "స్కాన్‌లో అయితే ఎండోమెట్రియోసిస్ బాగానే కనిపిస్తోంది. గర్భసంచి లోపల ఉండాల్సిన పొరలాంటిది బయట కూడా పెరుగుతోంది. హార్మోన్ల మందు మొదలుపెడదాం అనుకున్నాను. కానీ మీ పనికి అడ్డం రావట్లేదంటే నొప్పి మాత్రలతోనే ఇంకొన్నాళ్ళు చూడొచ్చు. మీ ఇష్టం."

కోడలు హమ్మయ్య అనుకుంది. ఆమెకు కావలసింది ఆ మాటే. హార్మోన్ల మందు అంటే నెలసరి ఆపేస్తారట, అది వాడినన్నాళ్ళూ పిల్లల ఊసు పక్కన పెట్టాలట. పెళ్ళయి ఏళ్ళు గడిచాయి. ఇంట్లో ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. అనకపోయినా, ఇప్పుడు తను వెళ్ళి "ఇంకొంతకాలం ఆగండి" అని అత్తగారి ముఖం చూస్తూ ఎలా చెప్పడం? దానికంటే ఆ నొప్పేదో పడడమే నయం అనుకుని వచ్చింది.

అప్పుడు పక్క కుర్చీలో అత్తగారు గొంతు సవరించుకుంది. బయట కూర్చోండి అంటే "నేనా? బయటా?" అని లోపలికి వచ్చి కూర్చున్న మనిషి ఆవిడ.

"అది చెప్పేది నిజం కాదు డాక్టరమ్మా," అంది.

"అదేంటి అత్తయ్యా!"

"నువ్వుండవే. నీకు తెలీదు." ఆవిడ కుర్చీ ముందుకు లాక్కుంది. "అది పని మానదు, నిజమే. బల్ల దగ్గరే ఉంటుంది. కానీ ఆ రోజుల్లో ఇది కోసిన గుడ్డ ఒక్కటీ పనికిరాదండీ. బల్ల అంచు పట్టుకుని, కళ్ళు మూసుకుని, మళ్ళీ తెరిచి కోస్తుంది. పువ్వు ఒకచోట, కొమ్మ ఒకచోట. ఇది పైకెళ్ళి పడుకున్నాక నేను మళ్ళీ కొత్త గుడ్డ తీసి కోస్తాను."

కోడలి చెవులు ఎర్రబడ్డాయి.

"మరి తప్పు కోసిన గుడ్డలు?" అంది ఆమె.

"కుషన్ కవర్లు కుట్టేస్తాను."

ఇంటినిండా కుషన్లే. మంచం మీద, కుర్చీల్లో, మెట్ల పక్క బెంచీ మీద. వచ్చినవాళ్ళకి వచ్చినట్టు చేతిలో పెట్టి పంపడమే. అత్తగారికి కుషన్ల పిచ్చి అని కోడలు ఎన్నిసార్లు వేళాకోళం చేసిందో! ఆవిడ కూడా "అవునే, నా పిచ్చి నాది" అని నవ్వి ఊరుకునేది.

"వాడు కూడా అంతే," అని అత్తగారు కొడుకును కూడా కలిపేసింది. "పరదాలు ఆలస్యమైతే మీ పరదా తగిలించే కమ్మీ సరిగ్గా లేదండీ, మార్చాలి, వచ్చే వారం వస్తానండీ అని చెప్పేసి వస్తాడు. ఊళ్ళో కమ్మీలన్నీ వంకరవే అని పేరు పెట్టేశాడు."

డాక్టరమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. తర్వాత కలం కింద పెట్టి నిదానంగా అంది: "మీరు ప్రేమతోనే చేశారు, కాదనను. కానీ నేను మందు నిర్ణయించేది ఈమె చెప్పే మాట మీద. ఈమెకే తెలియకుండా మీరు కప్పేస్తే, నాకు చేరేది సగం జబ్బే."

తర్వాత దారులన్నీ విడమరిచి చెప్పింది. తలనొప్పి వచ్చేముందు కోడలికి కళ్ళ ముందు మెరుపులు కనిపిస్తాయి కనుక రెండు హార్మోన్లు కలిసిన మాత్రలు పనికిరావు. ఒకే హార్మోను ఉన్న మాత్ర ఉంది, రోజూ ఒకే వేళకు వేసుకోవాలి, మొదట్లో అప్పుడప్పుడూ మరకలు కనిపిస్తాయి, మనసు చిరాకు పడొచ్చు. గర్భసంచిలో పెట్టే చిన్న సాధనం ఉంది, ఏళ్ళ తరబడి పనిచేస్తుంది, కావాలంటే తీసేయొచ్చు. ఇంజెక్షను ఉంది, అండాశయాలను నిద్రపుచ్చుతుంది, కానీ ఒంట్లో ఆవిర్లు, ఎముకలకు నష్టం, అందుకని ఎక్కువకాలం ఇవ్వరు. ఏదీ జబ్బును మాయం చేయదు, అదుపులో పెడుతుంది. బిడ్డ కావాలనుకున్నప్పుడు తనకు చెప్పి మానేయొచ్చు. "ఇంటికెళ్ళి ఆలోచించుకుని రండి," అంది.

ఇంటికి వెళ్ళారు సరే. బస్సులో కోడలు కిటికీ వైపు తిరిగి కూర్చుంది. అత్తగారు రెండుసార్లు "ఏమే" అంది. ఆమె ఇంకాస్త కిటికీ వైపు జరిగింది. కోపం ఉండదా మరి? చేతిపని మీద బతికే మనిషికి నీ చేతిపని ఇన్నాళ్ళూ నేను దిద్దాను అంటే ఎలా ఉంటుందో, అది పడ్డవాళ్ళకే తెలుసు.

దుకాణానికి వచ్చేసరికి మొగుడు గుమ్మంలోనే ఉన్నాడు. ఇద్దరి ముఖాలూ చూసి, "ఏమైంది?" అన్నాడు.

"కమ్మీలు వంకరగా ఉన్నాయట," అంది పెళ్ళాం.

పాపం, ఆయనకు ఒక్క దెబ్బకు అర్థమైపోయింది. చేతిలోని టేపు చుట్టడం మొదలుపెట్టి, చుట్టిందే మళ్ళీ చుట్టాడు.

"నన్ను చిన్నపిల్లను చేశారు మీరిద్దరూ," అంది కోడలు. "నేనేదో పొడిచేస్తున్నాననుకున్నా. డాక్టరు ముందు కూడా గొప్పగా చెప్పుకున్నా."

"నీ చెయ్యి మంచిదే," అంది అత్తగారు. "మిగతా రోజుల్లో నువ్వు కోస్తే నాకు చూడాల్సిన పనే లేదు. ఆ నాలుగు రోజులు నీ చెయ్యి నీది కాదు. ఆ మాట నీతో అనడానికి నాకు నోరు రాలేదే. అప్పుడు నీ ముఖం చూడాలి నువ్వు."

కోడలు స్టూలు మీద కూలబడింది. కాసేపు ఏడ్చింది. ఎవరూ ఏడవొద్దని అనలేదు, అంతవరకు వాళ్ళకు బుద్ధి ఉంది. అత్తగారు టీ పెట్టి తెచ్చింది.

గ్లాసు సగమయ్యాక అత్తగారే మొదలుపెట్టింది. "ఆ ఇంజెక్షను వేయించుకో. ఒక్క దెబ్బతో అన్నీ ఆగిపోతాయి."

"ఒళ్ళంతా ఆవిర్లట అత్తయ్యా."

"వస్తే రానీ. నాకు నెలసరి ఆగే వయసులో వచ్చినప్పుడు చలికాలంలో ఫ్యాను కింద కూర్చున్నా. ఇద్దరం కలిసి కూర్చుందాం."

"ఆ సాధనం మంచిది కదా," అన్నాడు మొగుడు. "పెట్టించేసుకుంటే రోజూ గుర్తుపెట్టుకునే బాధ ఉండదు."

"గుర్తుపెట్టుకునేది నేనా, మీరా?"

"నేను... ఊరికే అన్నా."

"ముందు ఇంకో సంగతి తేలాలి," అంది ఆమె. గ్లాసు కింద పెట్టింది. బస్సులో దారి పొడుగునా నాన్చుకుంటూ వచ్చిన మాట అది. "ఈ మందు ఏది వాడినా, వాడినన్నాళ్ళూ పిల్లలు ఉండరు. అత్తయ్యా, మీకు కావాలని నాకు తెలుసు. వద్దని నా కోసం అబద్ధం చెప్పకండి. ఇవాళ్టికి చాలు."

అత్తగారు ఒళ్ళో పడిన దారప్పోగులు ఏరుకుంది.

"కావాలి," అంది. "ఎందుకు వద్దు? ఈ దుకాణంలో ఒక పసిపిల్ల గుడ్డలు లాగుతూ తిరిగితే చూడాలని నాకు లేదంటే అబద్ధమే. కానీ నువ్వు ఆ బల్ల అంచు పట్టుకుని నిలబడతావు చూడు, అప్పుడు నాకు మనవలూ గుర్తురారు, ఎవరూ గుర్తురారే. నువ్వొక్కదానివే కనిపిస్తావు."

"నాకూ కావాలి," అన్నాడు మొగుడు మెల్లగా. "నీకు ఎప్పుడు కావాలో అప్పుడే."

"నాకూ కావాలి," అంది కోడలు. అలా పైకి అనేసరికి ఆమెకే ఆశ్చర్యం వేసింది. "కానీ ఇప్పుడు కాదు. ముందు ఈ ఒళ్ళు నా మాట వినాలి. అందుకే మాత్ర. మొదలుపెట్టేదీ నేనే, చాలు అనుకున్న రోజు డాక్టరమ్మతో చెప్పి ఆపేదీ నేనే. నా చేతిలో ఉండాలి."

"సరే," అన్నారు తల్లీకొడుకులు ఒకేసారి.

"ఇంకా అయిపోలేదు. కొన్నాళ్ళయ్యాక మందు పనిచేస్తోందా లేదా అని డాక్టరమ్మ అడుగుతుంది. మీరు మళ్ళీ నా వెనక దిద్దేస్తే నాకేం తెలుస్తుంది? ఇక నుంచి తప్పు కోస్తే నా ముఖం మీదే చెప్పండి. పడుకున్నాక కాదు, అప్పుడే."

అత్తగారి ముఖంలో నెత్తురు చుక్క లేదు. గుడ్డ మళ్ళీ కోసేయడం ఆవిడకు ఎంత తేలికో, ఆ మాట అనడం అంత కష్టం. "చెబుతాలే," అంది గొణుగుతూ.

మాత్ర మొదలైంది. మొదట్లో ఏమంత సుఖం లేదు. మరకలు వచ్చాయి, పోయాయి, మళ్ళీ వచ్చాయి. ఒకరోజు మొగుడు టీ అడిగితే చేతిలోని టేపు విసరబోయి ఆగింది. "ఇది మాత్ర వల్లా, నా వల్లా?" అని అడిగాడాయన. "రేపు మీరు ఊళ్ళో లేనప్పుడు చూసి చెబుతా," అంది ఆమె.

మొదటి నెలలో నొప్పి రానే వచ్చింది. తప్పు కోసింది. అత్తగారు పక్కన నిలబడి, చావు కబురు చెప్పడానికి వచ్చిన మనిషిలా, "అమ్మా, పువ్వు... కాస్త కిందకి వచ్చింది," అంది. కోడలు కత్తెర కింద పెట్టి, గుడ్డ చూసుకుని, "అవును," అని వెళ్ళి పడుకుంది. ఆ గుడ్డ రెండు రోజులు బల్ల మీదే ఉంది. దాన్ని ముట్టుకోకుండా ఉండలేక అత్తగారు ఎంత సతమతమైందంటే, మిషను సూది రెండుసార్లు విరిచింది. లేచాక కోడలే మళ్ళీ కోసుకుంది. తర్వాతి నెల నొప్పి కొంచెం వెనక్కి తగ్గింది. ఆ తర్వాత ఇంకొంచెం. మరీ ఆశపడొద్దని డాక్టరమ్మ ముందే చెప్పింది కనుక ఎవరూ ఆ మాట ఎత్తలేదు. లోపల మాత్రం ముగ్గురూ ఆశపడుతూనే ఉన్నారు.

ఒక మధ్యాహ్నం పిట్టల బొమ్మలున్న గుడ్డ వచ్చింది. పెద్ద కిటికీ, మంచి బేరం. అవి మామూలుగా కోడలిని మంచాన పడేసే రోజులే. ఆమె సుద్దముక్కతో గీత గీసి, పక్కింటావిడ తన మొగుడి గురకను ఎలా అనుకరించిందో అత్తగారికి చేసి చూపిస్తూ కత్తెర నడిపింది. అత్తగారు పొట్ట పట్టుకుని నవ్వుతోంది. నవ్వుతూ నవ్వుతూ బల్ల మీదికి చూసి టక్కున ఆగిపోయింది.

ఈ పక్క పరదాలో పిట్ట కొమ్మ మీద ఉంది. ఆ పక్క పరదాలో పిట్టకు తల లేదు.

"తప్పు కోశావే," అంది అత్తగారు. "నొప్పి వచ్చిందా? చెప్పవేం? కూర్చో, కూర్చో."

కోడలు కదల్లేదు. పొత్తికడుపు మీద చెయ్యి వేసుకుంది. నొప్పి కోసం లోపలంతా వెతుక్కుంది. నడుములో చూసింది, తొడల్లో చూసింది.

"లేదు అత్తయ్యా."

"దాచకు."

"లేదండీ. మీతో కబుర్లు చెబుతూ చూసుకోకుండా కోసేశా."

"బొత్తిగా లేదా?"

"బొత్తిగా లేదు."

అత్తగారు ఆమెనీ గుడ్డనీ మార్చి మార్చి చూసింది. నడుం మీద చేతులు వేసుకుంది. ఇక అందుకుంది చూడండి!

"మరి ఒళ్ళు దగ్గర పెట్టుకుని కోయడానికేమే నీకు? కళ్ళేమైనా నెత్తికెక్కాయా? బంగారంలాంటి గుడ్డ! ఆ పిట్టేం పాపం చేసింది నీకు? పక్కింటాయన గురక పెడితే ఇక్కడ పిట్ట మెడ కోస్తావా?"

వెనక గదిలోంచి మొగుడు పరుగెత్తుకొచ్చాడు. వాళ్ళమ్మ అంత గొంతు చేసుకుని పెళ్ళాన్ని తిట్టగా ఆయన ఏనాడూ వినలేదు. పెళ్ళాం చూస్తే బల్ల మీద పడి, కళ్ళ నీళ్ళు కారేలా నవ్వుతోంది.

"ఏంటి, ఏమైంది?"

"మీ అమ్మ నన్ను తిడుతున్నారండీ," అంది ఆమె. ముఖం వెలిగిపోతోంది.

"తిట్టనా మరి!" అంది అత్తగారు. అంటూనే కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఇన్నేళ్ళూ ఎన్ని తిట్లు మింగానో నాకు తెలుసు."

"తిట్టండి అత్తయ్యా," అంది కోడలు కత్తెర పక్కన పెట్టి స్టూలు లాక్కుంటూ. "ఆపకండి. అన్నీ తిట్టేయండి."