గెడ వేయకుండా చెప్పిన లోతు

నేను రంగూన్ ఓడలో పన్నెండేళ్లు తిరిగానని బూర్గంపాడులో అందరికీ తెలుసు. నడిసముద్రంలో ఒక తిమింగలం నన్ను చుట్ట అడిగిందని, నేను ఇవ్వకపోతే అలిగి మూడు రోజులు ఓడ వెంట ఈదిందని కూడా తెలుసు. నిజానికి నేను పనిచేసింది గోదావరి లాంచీల మీద. మొదట లాంచీ ముందు గెడ పట్టుకుని లోతు చూసేవాణ్ని, తరవాత లాంచీ నడిపే సరంగునయ్యాను. రాజమండ్రి దాటి ఒక్క మైలు పోలేదు. ఆ సంగతి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఈ చలికాలం మా పక్కింటి కొండమ్మ మనవరాలు మనోజ్ఞ పుస్తకం పట్టుకుని మా అరుగెక్కింది. తండ్రి మణుగూరులో బొగ్గు గని కార్మికుడు. ఆయన రోజూ భూమిలోకి దిగితే, ఈ పిల్ల నీళ్ల మీదికి పోతానంటుంది. ఓడల్లో ఆఫీసరు చదువుకి ఒకసారి ఇంటర్వ్యూ తప్పింది. రెండోది సోమవారం పదింటికి, ఫోన్‌లో. ఇదీ తప్పితే ఖమ్మంలో బట్టల షాపులో చేర్పిస్తానని తండ్రి ఖరారు చేశాడు.

"లెక్కలల్ల తప్పలె తాతా. ఆడ ఒక ముసలి కెప్టెన్ ఉన్నడు, పాతకాలపు ఇంగ్లీష్ మాటలు అడుగుతడు. 'టచ్ అండ్ గో' అంటె ఏందన్నడు. అయితదో కాదో తెల్వనిది అని పుస్తకంల ఉన్నట్టె చెప్పిన. 'సరే, ఏది తాకుతది, ఎటు పోతది?' అన్నడు. నోరు పెగల్లె."

"గింతేనా? నన్నడుగు. నేను ఇంగ్లీష్ నేర్చిందే ఓడల!"

అట్లా మొదలైంది. సాయంత్రం గోదావరి మీంచి మంచు లేచి మా జామచెట్టు దాకా వచ్చేది. మనోజ్ఞ ఒక్కో మాట చదువుతుంటే, అవి దూరదేశపు ఓడల్లాగా ఆ మంచులోంచి మెల్లగా తేలి వచ్చి మా వాకిట్లో లంగరు వేసి నిలబడ్డట్టుండేది. వాటిలో ఏం సరుకుందో నాకేం తెలుసు? అయినా దింపడం మొదలుపెట్టాను. 'టచ్ అండ్ గో' అంటే మలయా దగ్గర తిరిగే దయ్యపు ఓడ కథ అన్నాను. అది తాకిన ఓడ పొగలా పోతుందన్నాను. 'ట్రూ కలర్స్' అంటే, ఏడు రోజులకోసారి సముద్రం రంగు మారుతుంది, అప్పుడు దొంగ నావికుడి మొహం నీలమవుతుంది అన్నాను. పాపం, పిల్ల అన్నీ రాసుకుంది. నాలుగు సాయంత్రాలు, నలభై పేజీలు.

శనివారం నాడు 'స్వింగ్ ద లెడ్' అన్న మాట వచ్చింది. నా దగ్గర కథలు అడుగంటాయి. "ముందు పుస్తకంల ఏమున్నదో చదువు" అన్నాను.

చదివి చెప్పింది. పాత ఓడల్లో తాడుకి సీసపు గుండు కట్టి, నీళ్లలో వేసి లోతు చెప్పే మనిషి ఒకడుండేవాడట. బద్ధకస్తుడైతే గుండు నీళ్లలో వేయకుండా ఊరికే ఊపుతూ నోటికొచ్చిన లోతు చెప్పేవాడట. పని చేస్తున్నట్టు నటించేవాణ్ని అందుకే అట్లా అంటారట.

నా చేతిలో చుట్ట ఆరిపోయింది.

నాకు ఇరవై ఏళ్లప్పుడు లాంచీ ముందు నా పని అదే. గెడ దించి, అడుగు తగిలాక 'మోకాలు', 'నడుము', 'నిలువు' అని అరవాలి. వెనక సరంగు అదే మాట తిరిగి అరుస్తాడు, విన్నానని. నది అడుగు ఆయనకి కనబడదు. నా కేక మీదే లాంచీ నడుస్తుంది. ఒక మాఘమాసపు ఎండలో నిద్ర ముంచుకొచ్చి, గెడ ఎత్తకుండానే 'నిలువు' అన్నాను. సరంగు 'నిలువు' అన్నాడు. లాంచీ పోయి ఇసుక మేటలో కూర్చుంది. లాంచీ నిండా పెళ్లివారు. ముహూర్తం అక్కడే దాటిపోయింది. బాసికం కట్టుకున్న పెళ్లికొడుకు మోకాలి లోతు నీళ్లలో నిలబడి నన్ను చూసిన చూపు ఇప్పటికీ కలలోకి వస్తుంది.

"చెప్పు తాతా. రంగూన్‌ల ఎట్ల జేసిన్రు?" మనోజ్ఞ పెన్ను పట్టుకుని కూర్చుంది. నేను 'నిలువు' అంటే 'నిలువు' అని రాసుకునే కళ్లు.

"నేను సముద్రం చూళ్లె బిడ్డా."

నవ్వింది. నా మొహం చూసి ఆపింది.

"దయ్యపు ఓడ?"

"లేదు."

"తిమింగలం?"

"అదీ లేదు. చుట్ట ఒక్కటే నిజం."

"నలభై పేజీలు రాసిన తాతా..." పుస్తకం మూసి వెళ్లిపోయింది. గోడ అవతల నుంచి కొండమ్మ అందుకుంది. "నీ నోట్ల మన్నుబొయ్య ముసలోడా! పిల్ల బతుకుతోటి ఆటలా నీకు?"

తెల్లారి ఆదివారం, మంచు విడవకముందే వాళ్ల గడప ముందు నిలబడ్డాను. "రేవుకాడి ధన్‌సింగు పడవ అడిగి తెచ్చిన. వస్తవా?"

"మళ్ల ఏం కతనో."

"కత లేదు. గెడ ఉన్నది."

వచ్చింది, మూతి ముడుచుకునే. పడవ ముందు ఆమెను నిలబెట్టి గెడ చేతికిచ్చి, వెనక నేను తెడ్డు వేశాను. ఒడ్డు మాయమైంది. నీళ్లేవో మంచేదో తెలియడం లేదు. ఎక్కడో పైన భద్రాచలం వంతెన మీద లారీలు ఆకాశంలో నడుస్తున్నట్టు వినబడుతున్నాయి. పడవ కదులుతోందా, నదే మా కిందనుంచి జరిగిపోతోందా చెప్పలేను.

"నిలువు" అంది మనోజ్ఞ.

"నిలువు" అన్నాను.

"నడుము."

"నడుము."

"మోకాలు! తాతా, మోకాలే!"

"మోకాలు! జల్దీ ఎనకకు రా!"

ఆమె వెనక్కి ఉరికింది. ముందు భాగం తేలింది. పడవ అడుగున ఇసుక గరగరమని మా పాదాల్లోకి ఎక్కింది. ఒక్క ఊపిరి సేపు ఆగిపోతామేమో అనిపించింది. "ఇప్పుడు ముందుకు!" అన్నాను. ముందుకు ఉరికింది. వెనక తేలింది, పడవ మేట దాటి మెత్తగా జారింది. లాంచీల్లో జనమంతా ఇట్లాగే అటూ ఇటూ ఉరికేవారు, పిల్లలూ కోళ్లూ బుట్టలతో సహా.

మనోజ్ఞ గెడ మళ్లీ నీళ్లలో దించి చూసింది. "తాకింది... పోయింది" అంది తనలో తాను. తరవాత నావైపు తిరిగింది. "గిదేనా తాతా?"

"సముద్రపోళ్ల సంగతి నాకు తెల్వదు. పుస్తకం చూస్కో. మన తాన మాత్రం గిదే." ఒడ్డుకి తిరిగొచ్చేటప్పుడు, గెడ వేయకుండా పెళ్లివారి లాంచీని మేటెక్కించిన సంగతి కూడా దాచకుండా చెప్పాను.

సోమవారం తలుపు వేసుకుని ఫోన్ ముందు కూర్చుంది. నేనూ కొండమ్మా అరుగు మీద. లోపల ఇంగ్లీష్ గడగడా సాగుతోంది, నాకు ముక్క అర్థం కాలేదు. నడుమ 'గోదావరి' అంది. 'మోకాలు, నడుము, నిలువు' అని అచ్చంగా నా కేకలాగే కేకేసింది. ఫోన్‌లో ముసలాయన పకపకా నవ్వాడు.

బయటికొచ్చాక అడిగాను, "ఏమడిగిండు?"

"టచ్ అండ్ గో అడిగిండు, చెప్పిన. స్వింగ్ ద లెడ్ అంటె మా తాతే అన్న."

"నా పేరు చెప్పినవా?"

"పేరు, ఊరు, పెళ్లిపిల్లగాని బాసికం, అన్ని. 'గసొంటోడు నీ పక్కన డ్యూటీల ఉంటె ఏం జేస్తవ్?' అన్నడు. వాడేం చెప్పినా నేను పోయి గెడ ఏసి చూస్త అన్న."

కొండమ్మ నన్ను చూసి కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

పది రోజులకు సీటొచ్చిందని ఉత్తరం వచ్చింది. చేరడానికి చెన్నై పోవాలి. "నువ్వు కూడా రావాలె తాతా" అని మనోజ్ఞ టికెట్టు తీయించింది.

రేపే ప్రయాణం. ఇందాక టీ కొట్టు దగ్గర ధన్‌సింగు పట్టుకున్నాడు. "మళ్ల సముద్రానికి పోతున్నవంట గదా. ఎట్లుంటదే తాతా అది?"

తిమింగలం నా నాలుక చివరిదాకా ఈదుకుంటూ వచ్చింది. చుట్ట కూడా అడిగింది.

"తెల్వదు ధన్‌సింగూ. చూసొచ్చి చెప్త" అన్నాను.

"ఛల్, కోతలు!" అన్నాడు వాడు.